ఎడమ బూటులో గీత

ఉదయం ఎనిమిదింటికి గీతలక్క ఈసీజీ గది తాళం తీసేసరికే గుమ్మం పక్క బెంచీ మీద ఇద్దరు నెత్తురు ఓడుతూ కూర్చుని ఉన్నారు. ఒకడు పొడిచినవాడు, ఇంకొకడు పొడిపించుకున్నవాడు. ఇద్దరూ ఒకే సందులో ఎదురెదురు ఇళ్ళవాళ్ళు. గొడవ దేనికయ్యా అంటే, చెత్తబుట్ట ఎవరి గోడ పక్కన పెట్టాలన్నదానికి. పొడిపించుకున్నవాడికి భుజానికి పదకొండు కుట్లు పడ్డాయి, పొడిచినవాడికి ముక్కు చితికిపోయింది.

"పొడిచినోడా, నువ్వు ముందు రా," అంది గీతలక్క చేతులకి తొడుగులు వేసుకుంటూ.

"వాడికి ముందేంటక్కా? దెబ్బ తిన్నది నేనైతే!"

"నువ్వెక్కడికీ పోలేవు. వీడైతే రెండు నిమిషాలు ఆగితే గోడ దూకుతాడు."

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. చొక్కా విప్పించి, నెత్తురు తుడిచి, ఎరుపు తీగ కుడిచేతికి, పసుపుది ఎడమచేతికి, ఆకుపచ్చది ఎడమకాలికి, నల్లది కుడికాలికి, ఆరు రబ్బరు బుడ్డీలు ఛాతీ మీద. మిషన్ గుర్రుమంటూ గులాబీ గళ్ళ కాగితాన్ని పట్టీలా కక్కుతుంది. ఆ పట్టీ మీద గుండె తన గోడంతా గీతగా వెళ్ళబోసుకుంటుంది. ఆమెకి ఆ పేరు అలాగే వచ్చింది. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉందేమో, పిలిచేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

పొడిచినవాడి పట్టీ బయటికొస్తుంటే కొత్త డాక్టరు తొంగిచూశాడు. గీత పిచ్చిపిచ్చిగా వణుకుతోంది, తలా తోకా లేకుండా. డాక్టరు మొహం తెల్లబోయింది. "గుండె ఆగిపోతోంది! జరగండి!" అంటూ షాక్ మిషన్ పలకలు రెండూ పీకి వాడి మీదికి దూకాడు.

"ఓరి నాయనో, చంపేస్తున్నార్రా! నీ యబ్బ, కత్తి నాకియ్యండి ముందు!" అని పొడిచినవాడు మంచం మీద లేచి కూర్చున్నాడు.

గీతలక్క డాక్టరు మణికట్టు పట్టుకుని ఆపింది. "డాక్టరు గారూ, తండ్రిని తిట్టే మనిషికి గుండె ఆగిందంటారేంటండీ? నెత్తురు పోయి చలికి వణుకుతున్నాడు వెధవ. ఆ వణుకే కాగితం మీద పడింది. మనిషిని చూడండి ముందు. కాగితం తర్వాత."

దుప్పటి కప్పి మళ్ళీ తీసింది. గీత చక్కగా వచ్చింది. పట్టీ చింపి, వెనక్కి తిప్పి పేరు రాసి, అప్పుడు వాడిని మంచం దిగనిచ్చింది. పేరు రాయనిదే ఎవరినీ దిగనివ్వదు, మంత్రి వచ్చినా సరే. వాడు దిగీదిగగానే బెంచీ మీదున్నవాడి కుట్ల మీద ఒక్కటి గుద్దాడు. మళ్ళీ నెత్తురు, మళ్ళీ బూతులు, మళ్ళీ ఇద్దరు వార్డుబాయ్‌లు. ఆ గదికి అలా తెల్లవారింది.

ఈసీజీ పట్టీల సంగతి అందరికీ తెలిసిందే. మిషన్ నుంచి చింపాక కూడా గీత ఆగదు. ఎవరి గుండెదో వాళ్ళు బతికున్నంత కాలం ఆ కాగితం మీద నడుస్తూనే ఉంటుంది, మనిషి పోయిన క్షణాన చదునైపోతుంది. అందుకే లారీ డ్రైవర్ల భార్యలు మొగుళ్ళ పట్టీల్ని వంటింటి తలుపుకి అంటించుకుంటారు. ఆసుపత్రి రికార్డు గదిలో వేలకొద్దీ పట్టీలు గలగలమంటుంటే, రికార్డుల పెద్దాయన ప్రతి ఉదయం చదునైనవాటిని ఏరి సంచిలో కట్టి, కళ్ళజోడు తుడుచుకుని టీ తాగుతాడు. పట్టీని నిమిరితే మనిషి గుండె నెమ్మదిస్తుందనీ అందరికీ తెలుసు. పిల్లలు పరీక్ష రాస్తున్న మూడు గంటలూ తల్లులు చేసే పని అదే. పట్టీని నేల మీద పడేయకూడదని మాత్రం రికార్డు గది గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసుంటుంది. ఎందుకో గీతలక్కకి తెలుసు. తెలిసే తొక్కుతోంది.

ఆమె దగ్గర రెండు పట్టీలున్నాయి. ఒకటి చెల్లెలిది. అది తెల్లకోటు పైజేబులో, తన గుండె మీదే ఉంటుంది. రెండోది మరిదిది, అంటే ఆ చెల్లెలి మొగుడిది. అది ఎడమ బూటులో, లోపలి అట్ట కింద, మడమ దగ్గర ఉంటుంది.

మరిది పాత కట్టడాలు కూలగొట్టే ముఠాకి మేస్త్రీ. పగలు గోడల్ని కొడతాడు, సాయంత్రం ఇంటికొచ్చి పెళ్ళాన్ని కొడతాడు. పెళ్ళయిన మొదటేడు చెంపదెబ్బలు. రెండో ఏడు మణికట్టు విరిచాడు. ఆ తర్వాత ఇస్త్రీపెట్టె, ఆ తర్వాత రెండు పళ్ళు. ప్రతిసారీ చెల్లెలు, "మెట్ల మీంచి పడ్డా," అనేది. ఎక్స్‌రే తీసేవాడు ఉండబట్టలేక, "మీ ఇంటికి ఎన్ని మెట్లమ్మా తల్లీ?" అని అడిగాడోసారి. పోలీసులు వెళ్ళారు. మరిది ఇచ్చిన టీ తాగి, "సంసారాలన్నాక ఉంటాయి," అని చెప్పి వచ్చారు.

గీతలక్క వెళ్ళి నిలదీసిన మర్నాడు మరిది ఈసీజీ గదికే వచ్చాడు. తలుపు వేసి, సిమెంటు పేరుకున్న అరచెయ్యి బల్ల మీద ఆనించి, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"వదినా, గోడ ఎంత గట్టిదైనా దానికో చోటుంటుంది. అక్కడ కొడితే ఒక్క దెబ్బకే కూలిపోతుంది. నీ చెల్లెలికి ఆ చోటెక్కడో నాకు తెలుసు. నీక్కూడా ఎక్కడో చూసిపెట్టుకున్నా."

అతను వెళ్ళాక ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. సొరుగులోంచి మరిది పట్టీ తీసి ఎడమ బూటులో పెట్టుకుని, లేసు బిగించి, వార్డులో నాలుగు చుట్లు తిరిగింది. అది నాలుగేళ్ళ కిందటి మాట. అప్పట్నుంచి రోజూ తొక్కుతూనే ఉంది. సాయంత్రం బూటు విప్పి లెక్క చూసుకుంటుంది. రెండు దెబ్బల మధ్య ఎన్ని పెద్ద గళ్ళున్నాయో లెక్కపెట్టి మూడువందల్ని దానితో భాగిస్తే నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో తెలుస్తుంది. మొదట్లో నాలుగు గళ్ళుండేవి. తర్వాత అయిదయ్యాయి, ఆరయ్యాయి. ఇప్పుడు ఏడు. నలభై మూడు!

"ఇంత నీరసపు గుండెతో సమ్మెట ఎలా ఎత్తుతాడో రాక్షసుడు," అని పళ్ళు నూరుకుని, మర్నాడు ఇంకా గట్టిగా తొక్కేది.

జేబులో చెల్లెలి గీత మాత్రం ఊరికే పరుగులు తీసేది. వేళాపాళా లేదు. రెండు గళ్ళకోసారి, ఒకటిన్నర గళ్ళకోసారి దడదడలాడిపోయేది. గీతలక్క చేతిలో పని వదిలేసి, పట్టీని బయటికి తీసి చూపుడువేలితో నిమిరేది. "ఊరుకో తల్లీ, ఊరుకో. అక్క ఉంది." నిమరగా నిమరగా నెమ్మదించేది. అప్పుడు ఫోన్ చేసేది.

"ఏం చేస్తున్నావే?"

"కూరలు తరుగుతున్నానక్కా."

"అంత దడేంటి మరి?"

"దడా? నాకేం లేదక్కా. నీరసం, అంతే. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఆదివారాలు కాస్త పర్వాలేదు."

దాస్తోంది పిచ్చిముండ, అనుకునేది గీతలక్క. "వచ్చెయ్యవే, నా దగ్గరికి వచ్చెయ్. నీ బట్టలు కూడా అక్కర్లేదు," అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. "వస్తానక్కా. లేచి నాలుగడుగులు వేసే ఓపిక రానీ," అనేది చెల్లెలు. ఆ ఓపిక నాలుగేళ్ళుగా రాలేదు.

ఆ రోజు పదకొండింటికి, చెత్తబుట్ట వీరులిద్దర్నీ చెరో వార్డుకి తోలేశాక, పైజేబులో పట్టీ గిలగిలా కొట్టుకుంది. తీసి చూసింది. రెండు గళ్ళు. నూటయాభై. నిమరడం మొదలుపెట్టింది. తగ్గలేదు. గీత మధ్యలో ఒక వెడల్పాటి వికారపు దెబ్బ పడింది, ముందు ఉండాల్సిన చిన్న గుట్ట లేకుండా. ఇంకోటి పడింది. తర్వాత రెండేసి, మూడేసి. కాసేపటికి అన్నీ అవే, కోటగోడ పళ్ళలా వరసగా, ఊపిరి తీసుకునే సందు లేకుండా. ఆ వరస తర్వాత ఏమొస్తుందో చెప్పడానికి గీతలక్కకి డాక్టరు అక్కర్లేదు. అది కాసేపట్లో తెగి, గుండె వణుకుడు మొదలవుతుంది. వణికే గుండె నెత్తురు తోయదు. ఆపైన మూణ్ణాలుగు నిమిషాలు.

షాక్ మిషన్ చంకన పెట్టుకుని వరండా అంతా హడలిపోయేలా అరిచింది. "హారన్!"

హారన్ అంటే అంబులెన్సు డ్రైవరు. మనిషి నోరే హారన్, బండి హారన్ చెడిపోయి రెండేళ్ళయినా ఎవరికీ తెలియలేదు. "ఎక్కడికక్కా?" అంటూ లుంగీ ఎగ్గట్టుకుని దూకాడు.

"చెల్లెలింటికి. వాడు దాన్ని చంపేస్తున్నాడు."

హారన్ తల బయటపెట్టి దారిపొడుగునా కేకలు పెడుతూ బండిని ఉరికించాడు. ఒక తోపుడుబండి పక్కకి ఒరిగింది, ఒక స్కూటరువాడు మురిక్కాలవలోకి దిగాడు. గీతలక్క ఒక చేత్తో పట్టీ పట్టుకుని, రెండో చేతి వేలితో కాగితం అరిగేలా నిమురుతోంది. ఆమె ఎడమ కాలు మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. కోపం పట్టలేక మడమతో బండి నేలని దబదబా తంతోంది.

"చావు. చావురా. చావు," అంటోంది ప్రతి తన్నుకీ.

మూడో అంతస్తు. ముందు ఆమె, వెనక హారన్. తలుపు బార్లా తీసి ఉంది. గదిలో కుర్చీ విరిగి ఉంది, అద్దం పగిలి ఉంది, గోడకి సమ్మెట దెబ్బ ఒకటి, మనిషి తల ఎత్తులో. గొయ్యిపడి ఇటుక కనిపిస్తోంది. దాని కింద చెల్లెలు గోడకి జారగిలబడి ఉంది. కనుబొమ మీంచి గడ్డం దాకా నెత్తురు, మొహం బూడిద రంగు, పెదాలు నీలం. గదికి అటుపక్క మరిది వెల్లకిలా పడి ఉన్నాడు. సమ్మెట అతని పక్కనే ఉంది.

గీతలక్క అతని వంక కూడా చూడలేదు. చేతిలో పట్టీ ఆ క్షణాన్నే వరస తెగి పిచ్చిగీతలయింది. వణుకుడు. ఆమె మోకాళ్ళ మీద పడి చెల్లెలి జాకెట్టు చింపింది, పలకలు తీసింది, మీట నొక్కింది. మిషన్ కూత పెడుతూ నిండుతోంది.

"అక్కా," అంది చెల్లెలు.

పలకలు గాల్లోనే ఆగిపోయాయి.

"అక్కా, నాకు కాదు, వాడికి. వాడే. సమ్మెట ఎత్తి రెండోసారి కొట్టబోతూ, అలాగే పడిపోయాడు."

మాట్లాడుతోంది. వణికే గుండెతో ఎవరూ మాట్లాడరు. గీతలక్క పలకలు పక్కన పడేసి చెల్లెలి మెడ మీద రెండు వేళ్ళు ఆనించింది. ఒకటి. చాలాసేపు. రెండు. చాలాసేపు. నిమిషానికి ముప్పై అయిదుంటుందేమో. తాపీగా, తప్పకుండా, లోతు బావిలో చేద పడ్డట్టు కొట్టుకుంటోంది. చేతిలో కాగితం మీద మాత్రం పిచ్చిగీతలు.

మనిషిని చూడు ముందు. కాగితం తర్వాత.

ఆరేళ్ళ కిందటి మధ్యాహ్నం ఆమె కళ్ళముందు నిలబడింది. పెళ్ళికి వారం ముందు ఇద్దర్నీ తీసుకొచ్చి, రెండు గీతలూ నా దగ్గరుండాలి అంటూ తనే తీసింది. పెళ్ళికొడుకు ఛాతీ నిండా వెంట్రుకలు, బుడ్డీలు టపటపా ఊడిపోతుంటే అక్కాచెల్లెళ్ళిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులో పేర్లు రాయకుండానే ఇద్దర్నీ మంచం దిగనిచ్చింది. బల్ల మీద రెండు పట్టీలు మిగిలాయి. ఒకటి పరుగులు తీస్తోంది, ఒకటి నిదానంగా నడుస్తోంది. పెళ్ళికూతురు కదా, కంగారుపడేది అదే అనుకుంది. పరుగుల పట్టీ వెనక చెల్లెలి పేరు రాసింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆ ఒక్కసారే.

అంటే ఇన్నాళ్ళూ గుండె మీద పెట్టుకుని ఊరుకో తల్లీ అని నిమిరింది వాడిని. బూటులో వేసి తొక్కింది...

"అయ్యో," అంది గీతలక్క. నేల మీద చతికిలబడి బూటు లేసు పీకింది. ముడి రాలేదు. పళ్ళతో కొరికింది. అట్ట పెకలించి, చెమటకి తడిసి మడమ ఆకారం పడిపోయిన కాగితాన్ని బయటికి తీసింది. దాని మీద గీత పాకుతోంది. ఎనిమిదిన్నర గళ్ళకోసారి ఒక దెబ్బ. ఒక్కోటీ గడ్డిపరక ఎత్తుంది.

"నేనేనే," అంది. "నాలుగేళ్ళు. నిన్ను నేనే తొక్కానే."

అరచేతిలో పెట్టుకుని ముడతలు సాపు చేసింది. ఊదింది. తన చెంపకి ఆనించుకుంది. ఎనిమిదిన్నర ఏడయింది. ఏడు అయిదయింది. నాలుగు. చెల్లెలి పెదాలకి రంగొచ్చింది. నిట్టూర్చి, గోడ పట్టుకుని, లేచి నిలబడింది. నాలుగేళ్ళలో చెల్లెలు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవడం అదే మొదలు.

ఈలోపు హారన్ మరిది ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కుతున్నాడు. "అక్కా, మిషన్ నిండింది! షాక్ ఇస్తావా, ఇవ్వవా?"

గీతలక్క పలకలు తీసుకుంది. చెల్లెలి వంక చూసింది.

"ఇస్తే బతుకుతాడా?" అంది చెల్లెలు.

"బతకొచ్చు."

"ఇవ్వకపోతే?"

"పోతాడు. నువ్వు ఏం చెప్తే అది."

చెల్లెలు మొగుడి వంక చాలాసేపు చూసింది. చాలాసేపు అంటే హారన్ పదిసార్లు నొక్కేంత. "ఇవ్వక్కా. నీ ఉద్యోగం అది. కానీ నన్ను ముందు గడప దాటనియ్యి. వాడు కళ్ళు తెరిచేసరికి నేనీ ఇంట్లో ఉండకూడదు."

చెప్పులు కూడా వేసుకోలేదు. ఒక మోకాలు వాచి ఉంది. అయినా ఎవరినీ పిలవకుండా మెట్లు దిగడం మొదలుపెట్టింది. గీతలక్క వింటోంది. ఒక్కో మెట్టుకీ రెండడుగుల చప్పుడు. రెండో అంతస్తు. హారన్ చొక్కా తడిసిపోయింది. "అక్కా, నా వల్ల కావట్లేదు," అన్నాడు. "నొక్కు," అంది. మొదటి అంతస్తు. పట్టీ మీద వణుకు సన్నబడుతోంది, చదునుకి దగ్గరవుతోంది. నిమిరితే ఆగుతుందేమో. వేలు దానంతటదే కాగితం మీదికి పోయింది. ఆమె దాన్ని వెనక్కి లాక్కుంది.

కింద అంబులెన్సు తలుపు ధడేలున పడింది.

"చేతులు తియ్యి," అంది గీతలక్క, పలకలు అదిమి మీట నొక్కింది.

మరిది ఒళ్ళంతా నేల మీంచి ఎగిరి పడింది. పట్టీ చదునయింది. అయిదు గళ్ళు. పది గళ్ళు. పదిహేను. అప్పుడొక దెబ్బ లేచింది, వంకరగా. ఇంకోటి. తర్వాత వరస కుదిరింది. నాలుగు గళ్ళకోసారి, డెబ్బై అయిదు. మరిది దగ్గాడు, కళ్ళు తెరిచాడు, ముందు సమ్మెట కోసం వెతికాడు, తర్వాత పెళ్ళాం కోసం.

"అదెక్కడ?" అన్నాడు.

గీతలక్క కలం తీసి, అతని పట్టీ వెనక్కి తిప్పి, చెల్లెలి పేరు కొట్టేసి, అతని పేరు రాసింది. ఈసారి మనిషి లేవకముందే రాసింది. చెల్లెలి పట్టీని పైజేబులో పెట్టుకుంది. మరిది పట్టీని నాలుగు మడతలు పెట్టి, ఎడమ బూటులో అట్ట కింద, సరిగ్గా మడమ దగ్గర పరిచి, కాలు దూర్చి, లేసు రెండు ముడులు వేసింది. అప్పుడు లేచి, ఉన్న బరువంతా ఆ కాలి మీదే మోపి నిలబడింది.

లేవబోయిన మరిది మోచేతుల మీదే కూలబడ్డాడు. "వదినా, కళ్ళు తిరుగుతున్నాయి."

"తిరుగుతాయి," అంది గీతలక్క.

అతను బతికాడు. కొత్త డాక్టరు అతని కాగితాలన్నీ తిరగేసి, "ఇది ఆరేళ్ళ కిందటే ఆగాల్సిన గుండె. ఏ మందు ఇన్నాళ్ళు కాపాడిందో అర్థం కావట్లేదు," అన్నాడు. గీతలక్క తల దించుకుని తీగలు చుట్టబెట్టుకుంది. మరిది మళ్ళీ సమ్మెట ఎత్తలేదు. ఆ ఇంట్లోనే కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. టీ గ్లాసు నోటిదాకా రావడానికి రెండు చేతులు కావాలి, అదీ మధ్యలో ఓసారి దించుకోవాలి. ఒకసారి పెళ్ళాన్ని తెచ్చుకుంటానని బయల్దేరాడు. నాలుగో మెట్టు మీద కూర్చుండిపోతే పక్కింటివాళ్ళు మోసుకెళ్ళి కుర్చీలో పెట్టారు.

చెల్లెలు అక్క దగ్గరే ఉంటోంది. ఇద్దరూ కొట్లాడుకుంటారు, ఎక్కువగా నాలుగేళ్ళ గురించే. "తొక్కితే తొక్కావు గానీ, ఆదివారం సెలవిచ్చావు చూడు, అందుకే బతికా," అంటుంది చెల్లెలు. గీతలక్కకి అది వేళాకోళమో, క్షమించడమో ఇప్పటికీ తెలియదు. తెలియనప్పుడల్లా పైజేబు మీద చెయ్యేసి చూసుకుంటుంది. డెబ్బై ఎనిమిది, డెబ్బై ఆరు. మెట్లెక్కితే నూటపది.

ఆసుపత్రికి ఇంటినుంచి నాలుగు కిలోమీటర్లు. గీతలక్క బస్సు మానేసింది, రానూ పోనూ నడిచే వెళ్తోంది. ఆదివారం సెలవే, అయినా పొద్దున్నే బూట్లు వేసుకుని ఊరంతా ఓ చుట్టు తిరిగొస్తుంది.